జేబు గడియారం కొనే ముందు వెనక మూత తీయించండి

అమెరికాలో వేసవి వచ్చిందంటే గరాజ్ సేల్స్, ఎస్టేట్ సేల్స్, ఫ్లీ మార్కెట్ల సందడి. నాన్నగారి షష్టిపూర్తికో, మామగారి రిటైర్మెంట్‌కో పాత జేబు గడియారం పట్టుకెళ్దామని మనవాళ్లు వెతికేదీ ఎక్కువగా అప్పుడే. నూటయాభై, రెండు వందల డాలర్లలో నిఖార్సైనది దొరుకుతుంది. కాకపోతే మనసు పడేది పైమెరుపు చూసి, విలువ ఉండేది లోపలి మెషిన్‌లో.

ఈ బడ్జెట్‌కు పెద్ద స్విస్ పేర్ల జోలికి పోకండి. అమెరికన్ కంపెనీలు ఎల్జిన్, వాల్తం చాలు. 1864లో మొదలైన ఎల్జిన్ ఆరు కోట్ల దాకా వాచీలు చేసింది, వాల్తం నాలుగు కోట్ల దాకా. ఇంత విరివిగా దొరికే మామూలు రకాలకు నకిలీ తయారుచేస్తే ఎవరికీ గిట్టదు. ఇక్కడి మోసం వేరు: ఒకదాని మెషిన్, ఇంకోదాని డయల్, మూడోదాని ముళ్లు కలిపేసి 'అంతా ఒరిజినలే' అంటారు.

అందుకే మూత తీసి మెషిన్ చూపించమనండి. ఆన్‌లైన్‌లో మెషిన్ ఫొటో లేకపోతే అడగండి, పంపకపోతే వదిలేయండి. మెషిన్ మీద చెక్కిన సీరియల్ నంబరును పాకెట్ వాచ్ డేటాబేస్ అనే ఉచిత సైట్లో కొడితే తయారైన ఏడాది, గ్రేడు (మెషిన్ రకం), జ్యుయెల్స్ (ఇరుసులు అరగకుండా అమర్చే రాళ్లు) ఎన్నో, సైజు తెలుస్తాయి. మూత మీది నంబరు కొట్టి కంగారుపడేవాళ్లు చాలామంది. అప్పట్లో మెషిన్ చేసేది ఒక కంపెనీ, కేసు, అంటే బయటి డొప్ప, చేసేది మరొకటి. దుకాణంలో రెండూ విడిగా ఎంచుకుని బిగించుకునేవారు. కాబట్టి ఆ నంబర్లు కలవకపోతే తప్పేం లేదు. కానీ కేసు లోపలి అంచున స్క్రూ గాట్లు రెండు జతలు కనిపిస్తే ఆ కేసులో ఇంతకుముందు వేరే మెషిన్ ఉండేదన్నమాట.

ఇంకో గుర్తు కూడా చూడండి. ముందు మూత లేని గడియారంలో కీ ఇచ్చే బుడిపె 12 దగ్గర, చిన్న సెకన్ల ముల్లు 6 దగ్గర ఉండాలి. బుడిపె 3 పక్కన ఉంటే అది చాలావరకు మూత ఉండే 'హంటర్' కేసు కోసం చేసిన మెషిన్. బంగారం ధర పెరిగినప్పుడల్లా అలాంటి బంగారు కేసులు కరిగించేశారు, మిగిలిన మెషిన్లను చేతికందిన కేసులో పెట్టేశారు. నడుస్తుంది, చవగ్గానూ వస్తుంది. కానీ ఒరిజినల్ ధర మాత్రం ఇవ్వకండి.

'14 కె' అని చూసి మురిసిపోవద్దు. పక్కనే '20 ఇయర్స్', '25 ఇయర్స్' అని ఉంటే అది మన రోల్డ్ గోల్డ్ బాపతే. ఆ సంవత్సరాలు పైపొర అరగకుండా ఉంటుందని ఇచ్చిన హామీ. అలాగే వెనక రైలింజను బొమ్మ ఉన్నంత మాత్రాన అది రైల్వే సిబ్బంది వాడిన కచ్చితమైన 'రైల్వే వాచీ' కాదు. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రైళ్లు గుద్దుకున్నాక వచ్చిన ప్రమాణాల ప్రకారం కనీసం 17 జ్యుయెల్స్, ఐదు భంగిమల్లో ఎలా పెట్టినా ఒకేలా నడిచేలా సరిచేసిన మెషిన్, వారానికి 30 సెకన్లు మించని తేడా ఉండాలి. ఏడు జ్యుయెల్స్ వాచీని రైల్వే పేరుతో అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

మూత తీయడంలోనూ తొందర వద్దు. కొన్నింటికి అంచున గోరు పట్టే పెదవి ఉంటుంది, కొన్ని మర తిప్పి తీసేవి. స్వింగ్-అవుట్ రకానికైతే వెనక మూతే ఉండదు: ముందు అద్దపు చట్రం విప్పి, బుడిపె పైకి లాగితే మెషిన్ కీలు మీద బయటికి తిరుగుతుంది. దాన్ని వెనక నుంచి చాకుతో పొడిచారో, కేసు పాడైనట్టే.

బుడిపె లాగినా ముళ్లు కదలకపోతే చెడిపోయిందనుకోకండి. లీవర్-సెట్ అయ్యుండొచ్చు. అద్దపు చట్రం విప్పి డయల్ అంచున ఉన్న సన్నని లీవర్ లాగాకే ముళ్లు తిరుగుతాయి. ఈ సంగతి తెలియని అమ్మకందారు 'ముళ్లు పనిచేయవు' అని ధర తగ్గిస్తే మన అదృష్టం. 'కీ ఎక్కువ ఇచ్చేశారు, అందుకే ఆగింది' అంటే మాత్రం నమ్మొద్దు. కీ నిండుగా ఇచ్చినా నడవలేదంటే నూనె గడ్డకట్టిందనో, లోపల ఏదో విరిగిందనో అర్థం. గడియారాన్ని డయల్ పైకి ఒక నిమిషం, కిందికి ఒక నిమిషం పట్టుకుని, మెషిన్‌లో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం చూడండి. ఒకలా పట్టుకున్నప్పుడు బాగా ఊగి రెండోలా పట్టుకున్నప్పుడు నీరసిస్తే ఇరుసు కొనలు అరిగి ఉండొచ్చు.

చీకట్లో వెలిగేలా అంకెలకు రంగు పూసిన పాత డయల్స్‌లో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండొచ్చు. వెలుగు పోయినా రేడియం పోదు. అలాంటిది పిల్లలున్న ఇంటికి తేకండి, డయల్ అసలు గీకకండి.

చివరగా సర్వీసు. ఎప్పుడు, ఎవరు చేశారో అడగండి. జవాబు తేలకపోతే చేయలేదనే లెక్క. అమెరికాలో ఆ ఖర్చు ఒక్కోసారి వాచీ ధరను మించిపోతుంది. బేరం మొదలెట్టక ముందే ఆ డబ్బు పక్కన పెట్టుకోండి, సర్వీసయ్యే దాకా కీ ఇచ్చి రోజూ నడపకండి. ఎండిన ఇరుసులు అరిగిపోతాయి.