పాత ఇంటి గోడలు: రంగు కన్నా ముందు చెమ్మ

పాత ఇంటిని లోపల కొత్తగా తీర్చిదిద్దాలనుకునేవారు సాధారణంగా రంగుల ఎంపికతో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది మాత్రం గోడలోని చెమ్మతో. పెచ్చులూడిన చోట, తెల్లటి ఉప్పు పొడి తేలిన చోట, అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గాలి చొరబడకుండా నాలుగు అంచులా టేపుతో అంటించి, రెండు రోజుల తర్వాత చూడండి. గోడకు ఆనుకున్న వైపు నీటి బిందువులు కనిపిస్తే తేమ గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు కనిపిస్తే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది. మొదటి రకానికి కారణం కారే గొట్టమో, పైకప్పు పగులో, పునాది నుంచి పైకి పాకే నీరో తేల్చుకుని, దాన్ని సరిచేసి, గోడ పూర్తిగా ఆరిన తర్వాతే లప్పం జోలికి వెళ్లాలి.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వేయించడం, పనివారు ఎంత నచ్చజెప్పినా, నా దృష్టిలో పొరపాటే. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించి, చివరకు తానే పెచ్చులుగా ఊడుతుంది. అతుకులు కూడా సున్నంతోనే వేయించండి.

పాత రంగు పొరల్లో సీసం ఉండవచ్చు కాబట్టి, ముందుగా పరీక్ష చేయించాలి. పొడిగా గరుకు కాగితంతో రుద్దనివ్వకూడదు, ఆ పని జరిగేటప్పుడు పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకూడదు. కరెంటు తీగలు, నీటి గొట్టాలు మార్చడానికి గోడలు చెక్కవలసి వస్తుంది కనుక అవన్నీ పూతకు ముందే ముగియాలి.

అలంకరణ ఆ తర్వాతి మాట. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే దానికి గోడల కన్నా లేత రంగు వేయించండి. పాత చెక్క తలుపులను మార్చే ముందు, అడుగున చెక్క బాగుందేమో ఒక మూల రంగు తీయించి చూడండి.