ఫిడేలు పట్టుకుని ఎలా కూర్చోవాలి? చేతులు ఎలా ఉంచాలి?

ఫిడేలు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మెడ పట్టేసిందనో, ఎడమ బొటనవేలు లాగేస్తోందనో అంటారు. చాలాసార్లు దానికి కారణం సాధన ఎక్కువై కాదు, వాయిద్యాన్ని చేత్తో మోయడం. మన కర్ణాటక సంగీత పద్ధతిలో ఫిడేలును చేయి మోయకూడదు. ఒక చివరను కాలు మోస్తుంది, రెండో చివరను ఛాతీ ఆపుతుంది. ఎడమ చేయి స్వరాల మీద తిరగడానికే, కుడి చేయి కమాను లాగడానికే.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారు. పాశ్చాత్యులు దాన్ని గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎక్కువగా నిలబడో కుర్చీలోనో వాయిస్తారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని వాయిస్తారు. మన గమకాలకు, అంటే స్వరాలను ఊపి పలికించడానికి, ఎడమ చేయి తీగ మీద పైకీ కిందికీ జారుతూనే ఉండాలి కాబట్టి, ఆ చేతికి వాయిద్యం బరువు అంటకపోవడం చాలా ముఖ్యం. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఫిడేలు నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పక్కవాయిద్యంగా ఉన్న ఫిడేలుతో పూర్తి కచేరీ చేయవచ్చని చూపించినవాళ్ళలో ఆయనది ముందు వరస. గంటల తరబడి సాగే కచేరీలో కూర్చునే తీరు కుదరకపోతే చేతిలో ఎంత విద్య ఉన్నా ఒళ్ళు సహకరించదు.

ముందు ఫిడేలు లేకుండా

నిలబడండి. కుడి చేతిని పక్కకు వేలాడదీసి, నీళ్ళు దులిపినట్టు రెండుసార్లు దులిపి వదిలేయండి. ఇప్పుడు వేళ్ళకేసి చూడండి. ఏ వేలూ తిన్నగా ఉండదు. చూపుడువేలు కొంచెం వంగి ఉంటుంది, మధ్యవేలు ఇంకాస్త, చిటికెనవేలు అన్నిటికన్నా ఎక్కువ. బొటనవేలు అరచేతికి అతుక్కోకుండా చూపుడువేలి పక్కన వదులుగా ఉంటుంది. మణికట్టు అటూ ఇటూ విరగదు. చేతికి ఇదే విశ్రాంతి. ఇప్పుడు వేళ్ళను కదపకుండా మోచేతిని మాత్రం మడిచి చేతిని ఛాతీ ముందుకు తెచ్చుకోండి. ఫిడేలు మీదా, కమాను మీదా చేతుల తీరు దీనికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఇంకో చిన్న పరీక్ష. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి. గట్టిగా బిగించలేరు. అదే మణికట్టును తిన్నగా, లేదా ఒక్క రవ్వ వెనక్కి ఉంచి బిగించండి, బలమంతా వస్తుంది. వేళ్ళను కదిపే నరాల్లాంటి పొడుగు కండరపు తాళ్ళు మణికట్టు మీదుగా ముంజేతి నుంచి వస్తాయి. మణికట్టు వంగితే వాటి పని కష్టమవుతుంది. ఈ ఒక్క విషయం ఒంటికి తెలిస్తే తర్వాత గురువు గారు "మణికట్టు, మణికట్టు" అని అనేసార్లు తగ్గుతాయి.

కూర్చోవడం

చాప మీదో జంపఖానా మీదో బాసింపట్టు వేసుకోండి. పరుపు మీద వద్దు, నడుం కుంగిపోతుంది. మోకాళ్ళు నడుం కన్నా పైకి లేస్తున్నాయంటే పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకోండి. ఎత్తు కొంచెం పెరగగానే వెన్ను దానంతట అదే నిలబడుతుంది, నిటారుగా ఉండాలని బిగదీసుకోనక్కర్లేదు. బిగదీసుకున్న వెన్ను పది నిమిషాల్లో కూలిపోతుంది, ఆ తర్వాత గూని వస్తుంది.

ఇప్పుడు ఎడమ కాలు మడిచి ఉంచి, కుడి పాదాన్ని కొంచెం ముందుకు జరపండి. ఫిడేలు తల చివర చుట్ట తిరిగిన భాగం ఆనేది ఈ పాదానికే, చీలమండకూ మడమకూ మధ్య. ఎంత ముందుకు జరపాలన్నది మీ కాళ్ళ పొడవును బట్టి ఉంటుంది, దీనికి కొలత లేదు. చుట్ట అక్కడ ఆనాక నడుం ముందుకు వంగాల్సి వస్తోందంటే పాదం దూరమైంది. ఫిడేలు పొట్టకు గుచ్చుకుంటోందంటే దగ్గరైంది.

ఫిడేలును ఆనించడం

వాయిద్యం రెండో చివరను ఎడమ కంటె ఎముక కింద, ఛాతీకి ఆనించండి. గడ్డం పెట్టుకునే చెక్క దాని మానాన అది ఉంటుంది, మనం గడ్డం ఆనించం. ఫిడేలు తల కిందికి ఏటవాలుగా ఉంటుంది.

ఇక అసలు పరీక్ష. కుడి చేతిని దగ్గర్లో సిద్ధంగా ఉంచి, ఎడమ చేతిని పూర్తిగా తీసేయండి. ఫిడేలు ఉన్నచోటే ఉండాలి. పక్కకు దొర్లుతుంటే పాదం కోణం మార్చండి. ఛాతీ దగ్గర జారుతుంటే బట్ట సంగతి చూడండి. పట్టుచీర మీద, సిల్కు లాల్చీ మీద ఇది బాగా జారుతుంది. మధ్యలో నూలు చేతిరుమాలు పెడితే సరిపోతుంది. పాదం చెమట పట్టి జారుతున్నా అదే వైద్యం. ఈ పరీక్షలో నెగ్గకుండా సరళీ స్వరాలకు, అంటే మొదటి పాఠాలకు, పోవద్దని నా సలహా. పిల్లలకు ఇది విసుగ్గా ఉంటుంది, కానీ ఇక్కడ రెండు వారాలు నిలబెట్టే గురువు దొరికితే ఫీజు దండగైందని తల్లిదండ్రులు అనుకోవద్దు. ఫిడేలు సైజు కూడా ఇక్కడే బయటపడుతుంది. చిన్న పిల్లలకు అర, ముప్పావు సైజులు దొరుకుతాయి. పెద్దయ్యాక పనికొస్తుందని ఫుల్ సైజు కొనిస్తే పిల్లవాడు దాన్ని ఆపడానికే భుజం ఎగదీస్తాడు.

ఎడమ చేయి

ముందు దులిపి చూసిన ఆ చేతి ఆకారాన్నే ఫిడేలు మెడ దగ్గరికి తీసుకెళ్ళండి. మెడ ఒక పక్క బొటనవేలు, రెండో పక్క చూపుడువేలి మొదలు, రెండూ తగిలీ తగలనట్టు ఉండాలి. అరచేయి మెడకు అతుక్కోకూడదు. కొత్తవాళ్ళు చేసేది సరిగ్గా ఇదే: మణికట్టును వెనక్కి విరిచి అరచేతిని ఫిడేలు కింద స్టాండులా పెడతారు. అప్పటికి సుఖంగానే ఉంటుంది. స నుంచి పై స దాకా ఒకే తీగ మీద జారమన్నప్పుడు చేయి కదలదు.

బొటనవేలు బిగుసుకుందా లేదా తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. ఏదో ఒక స్వరం మీద వేలు పెట్టి కమాను లాగుతూ, బొటనవేలితో మెడను మెల్లగా తట్టండి. తట్టగలిగితే వదులుగా ఉన్నట్టే. తట్టలేకపోతే అది నొక్కుతోంది. తీగను నొక్కే వేలికి ఎంత బలం కావాలో కూడా ఇలాగే చూసుకోవచ్చు. తీగ మీద వేలును ఊరికే ఆనించి కమాను లాగండి, గాలి కలిసిన పలచని శబ్దం వస్తుంది. కొంచెం కొంచెం బరువు పెంచుతూ పోండి. స్వరం తేటగా పలికిన చోట ఆగిపోండి. అంతకు మించిన నొక్కుడంతా వృథా. చాలామందికి ఆ చోటు తాము అనుకున్నదానికన్నా చాలా ముందే వస్తుంది. జారడం తేలికవ్వాలని కొందరు విద్వాంసులు వేళ్ళకు పౌడరు రాసుకుంటారు. ఆ అలవాటు మీకు కావాలో వద్దో తర్వాత చూసుకోవచ్చు.

మోచేయి పక్కటెముకలకు అంటుకోకూడదు, గాలిలో ఎగరకూడదు. మధ్యలో వేలాడనివ్వండి.

కుడి చేయి

కమాను బరువు దాదాపు 60 గ్రాములు. దాన్ని పట్టుకోవడానికి పిడికిలి అక్కర్లేదు. మొదట పెన్సిలుతో చేయండి. బొటనవేలిని కొంచెం వంచి కింద పెట్టి, మధ్యవేలిని దానికి ఎదురుగా పైనుంచి వేయండి. చూపుడువేలు, ఉంగరపువేలు పక్కన వాలతాయి. చిటికెనవేలు గుండ్రంగా వంగి పుల్ల మీద కూర్చుంటుంది. అది కర్రలా తిన్నగా ఉందంటే చేయి మొత్తం బిగిసిందని అర్థం.

తర్వాత నిజమైన కమాను. తీగలను మోసే గుర్రానికి (బ్రిడ్జి అనే చిన్న చెక్కకు) సమాంతరంగా లాగాలి. కమాను మధ్య నుంచి కొస దాకా పోయేటప్పుడు మోచేయి తలుపు బందులా తెరుచుకుంటే చాలు, పైచేయి దాదాపు కదలదు. మధ్య నుంచి పట్టుకున్న చోటికి వచ్చేటప్పుడే పైచేతికి పని. తీగ మారినప్పుడు మోచేయి ఎత్తు మారుతుంది, భుజం మారకూడదు. మంద్ర షడ్జం తీగకు (అన్నిటికన్నా లావు తీగకు) వెళ్ళిన ప్రతిసారీ కుడి భుజం చెవి వైపు ఎక్కుతోందేమో గమనించండి. ఎక్కుతుంటే కమాను ఆపి, ఊపిరి వదిలి, భుజం దించి, మళ్ళీ అదే తీగ.

మొహం, ఊపిరి, కాళ్ళు

పళ్ళు బిగించడం, నాలుక బయట పెట్టడం, ఊపిరి బిగబట్టడం: కష్టమైన వరస రాగానే అందరూ చేసే పనులే ఇవి. వాయిస్తున్న స్వరాన్ని మెల్లగా నోటితో పాడుకుంటే మూడూ ఒకేసారి పోతాయి, పైగా శ్రుతి కూడా తెలుస్తుంది. తల ఎడమ వైపు వంచి వేళ్ళకేసి చూడడం ఇంకో అలవాటు. మెడ నొప్పికి సగం కారణం అదే. వేళ్ళ చోటు చెవి చెప్పాలి.

ఇరవై నిమిషాలకోసారి లేచి నడవండి. కాలు తిమ్మిరెక్కడం మామూలే, లేచి నడిస్తే పోతుంది. చేతి వేళ్ళకు తిమ్మిరి రావడం మాత్రం మామూలు కాదు. బొటన, చూపుడు, మధ్య వేళ్ళు మొద్దుబారుతున్నా, రాత్రిపూట చేయి తిమ్మిరితో మెలకువ వస్తున్నా సాధన ఆపి డాక్టరుకు చూపించండి. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఇంకా తొందరగా వెళ్ళాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళు నేల మీద మొండిగా కూర్చోకుండా, దివాన్ లాంటి ఎత్తు మీద ఎలా కుదురుతుందో గురువునే అడగడం మంచిది.

ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి నేర్చుకునేవాళ్ళు, ఫోన్‌ను మొహానికి ఎదురుగా పెడతారు. గురువు గారికి మొహం తప్ప ఏమీ కనిపించదు. ఫోన్‌ను కుడి వైపు కొంచెం పక్కగా, నేలకు మూడడుగుల ఎత్తున, కుడి పాదం నుంచి తల దాకా మొత్తం పడేంత దూరంలో పెట్టండి.