క్యాండిల్ ఫిల్టర్: ముందు ఏ నీళ్లో చూసుకోండి, తర్వాతే బిగించండి

ఫిల్టర్ కొనే ముందు ఒక్కటి తేల్చుకోండి. పైన పోసేవి నల్లా నీళ్లా, బోరు నీళ్లా? షాపులో ఇది ఎవరూ అడగరు. స్టీలు మందం చూపిస్తారు, రెండు క్యాండిళ్లు చాలా, మూడు కావాలా అంటారు, బేరం అయిపోతుంది. నల్లగొండ జిల్లాలో ఉండి ఈ సంగతి చూసుకోకుండా ఫిల్టర్ పెట్టుకుంటే పోయేది డబ్బులొక్కటే అయితే బాధ లేదు, ఇంట్లో ఫిల్టర్ ఉంది కదా అని ధైర్యంగా బోరు నీళ్లు పోసి తాగుతారు చూడండి, అక్కడ వస్తుంది ముప్పు.

క్యాండిల్ అంటే సన్నటి రంధ్రాలున్న కాల్చిన మట్టి గొట్టం, అంతే. మట్టి, తుప్పు, నాచు, పురుగు, బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ రంధ్రాల దగ్గర ఆగిపోతాయి. నీళ్లలో కరిగినవి మాత్రం ఆగవు. ఉప్పు కలిపిన నీళ్లు గుడ్డలో వడపోస్తే ఉప్పు గుడ్డలో మిగులుతుందా? మన జిల్లా బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ కూడా అలా కరిగి ఉండేదే, క్యాండిల్ గుండా హాయిగా దిగిపోతుంది. కాచినా పోదు, నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలిన వాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు మనుషులు పళ్ల మీద గారతో, వంగిపోయిన ఎముకలతో ఎన్నేళ్లు బాధపడ్డారో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. రుచి చూసి, రంగు చూసి ఇది కనిపెట్టలేం. తేటగా, తియ్యగా ఉన్న బోరులోనూ ఉండొచ్చు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించుకోండి, సీసాలో నీళ్లు ఎలా పట్టి తేవాలో వాళ్లనే అడగండి.

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది. పటిక వేస్తే ఫ్లోరైడ్ పోతుందట కదా అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1970లలో నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. అందులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేర్చి, పైనీళ్లు తీస్తారు. కానీ అక్కడ పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అన్నదాన్ని లెక్కేసి నిర్ణయిస్తారు, మనం బిందెలో పటిక ముక్క నాలుగుసార్లు తిప్పడం దాని దరిదాపుల్లోకి రాదు. అందాజాగా ఎక్కువ వేస్తే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. కాబట్టి ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. బోరులో ఫ్లోరైడ్ ఉందని తేలితే తాగడానికి, వంటకు ఆ నీళ్లు మానేసి ప్రభుత్వం నల్లాల్లో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు పట్టుకోవడమే తేలిక. అవి రాని చోట ఆర్వో కావాలి, లేదా ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా ఉన్న ఫిల్టర్ కావాలి, అదీ ఎప్పటికప్పుడు పరీక్ష చేయించుకుంటూ.

సరే, మీవి నల్లా నీళ్లే అనుకుందాం. కృష్ణ నుంచి శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపే నీళ్లకు క్యాండిల్ ఫిల్టర్ బాగా సరిపోతుంది. మన ఇళ్లల్లో ఆ నీళ్లు చెడేది ఎక్కువగా దారిలోనే, పైపు పగిలిన చోటో, ఏళ్లతరబడి కడగని సంపులోనో, మూత సరిగా లేని ట్యాంకులోనో. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు. ఆర్వో మంచిది కాదని నేననను గానీ, మామూలు నది నీళ్లకు ఆర్వో పెట్టి బకెట్లకు బకెట్లు మోరీలోకి వదలడం నాకు నచ్చదు.

కొత్త క్యాండిల్ తెచ్చాక పొట్లం విప్పి ముందు పగులు చూడండి. కంటికి కనపడని పగులు పట్టుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. క్యాండిల్‌ను కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, తర్వాత నీళ్లలో ముంచే ఉంచి, కింది గొట్టానికి కడిగిన సన్న పైపు తగిలించి నోటితో మెల్లగా ఊదండి. ఒకే చోట నుంచి బుడగలు వరసగా లేస్తే అక్కడ చీలిక ఉన్నట్టే, మార్చుకుని రండి. నానబెట్టడం వల్ల ఇంకో లాభం కూడా, లోపలి గాలి పోతుంది. పొడి క్యాండిల్ బిగించి, చుక్క పడట్లేదు, సరుకు మంచిది కాదు అని షాపు మీదికి పోయేవాళ్లు ఉంటారు, అది గాలి పట్టడం మాత్రమే.

స్టీలు పాత్రలు రెండూ, మూత, కొళాయి మామూలు గిన్నెల సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా తొలిచి, వేడినీళ్లు పోసి ఒంపేయండి. క్యాండిల్‌కు మాత్రం సబ్బు తగలనివ్వద్దు. రంధ్రాల్లోకి పోతే నెలరోజులైనా నురగ రుచి వదలదు.

ఇప్పుడు బిగింపు, అసలు పని ఇదే. క్యాండిల్ అడుగుకు రబ్బరు వాషరు ఉంటుంది. అది పై పాత్ర లోపలి వైపు, క్యాండిల్‌కూ స్టీలుకూ మధ్యన కూర్చోవాలి. కింద నుంచి నట్టు. చాలా ఇళ్లల్లో వాషరు కిందికి పోయి ఉంటుంది, లేదా పాతది గట్టిపడి పగిలి ఉంటుంది, అప్పుడు మురికి నీళ్లు క్యాండిల్ జోలికే పోకుండా పక్క సందులోంచి కిందికి దిగిపోతాయి. ఫిల్టర్ భలే ఫాస్ట్‌గా వస్తోందని సంబరపడితే చాలాసార్లు కారణం ఇదే. నట్టు చేత్తోనే బిగించండి, ప్లాస్టిక్ నట్టుకు పట్టకారు వేస్తే మర పోతుంది. పాత్రకు మూడు రంధ్రాలుండి మీరు రెండే క్యాండిళ్లు పెడితే, మూడోదానికి వాషరు వేసి బిరడా బిగించాలి, గుడ్డ కుక్కడం కాదు.

కొళాయిది కూడా అదే లెక్క, లోపలొక వాషరు, బయటొక వాషరు, గట్టి చేయి. వీలుంటే ప్లాస్టిక్ కొళాయి తీసేసి స్టీలుది వేయించండి.

బిగించాక పై పాత్రను ఖాళీ గంజు మీద పెట్టి, క్యాండిల్ అడుగు మునిగేంత వరకే, అంటే రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి కింద నుంచి చూడండి. చుక్క గొట్టం కొన నుంచే పడాలి. నట్టు చుట్టూ తడి కనిపిస్తే విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. ఇది బాగుంటే నిండా పోయండి. మొదటి రెండు విడతల నీళ్లు మొక్కలకు పోసేయండి, కొత్త క్యాండిల్ మట్టి పొడి, లోపల కార్బన్, అంటే బొగ్గు ఉన్నదైతే నల్ల పొడి దిగుతుంది. మూడో విడత నుంచి తాగొచ్చు.

వేగం గురించి ఆశలు పెట్టుకోకండి. ఒక్కో క్యాండిల్‌కు గంటకు లీటరు, మహా అయితే రెండు. పైన నీళ్లు ఎంత ఎత్తుంటే అంత ఒత్తిడి, కాబట్టి సగం దిగాక మళ్లీ నింపుతూ ఉంటే తొందరగా వస్తాయి. పడుకునే ముందు నింపేవాళ్లు మాత్రం కింద ఎంత ఖాళీ ఉందో చూసుకుని పోయాలి. కింది పాత్ర నిండినా పైనుంచి దిగడం ఆగదు, తెల్లారేసరికి వంటింట్లో నేలంతా నీళ్లే.

ఎన్నాళ్లకోసారి కడగాలని అడిగితే నీళ్లను బట్టి ఉంటుంది. ఎండాకాలం రెండు మూడు వారాలు నడుస్తుంది, వానాకాలం కృష్ణకు వరదొచ్చి నల్లాలో ఎర్రనీళ్లు వస్తే వారం కూడా ఆగదు. ధార తగ్గిందంటే టైం అయినట్టే. అలాంటి ఎర్రనీళ్లు నేరుగా పోయకండి, బిందెలో పటిక ఒకటి రెండు చుట్లు తిప్పి, కొన్ని గంటలు తేరనిచ్చి, పైనీళ్లు గుడ్డలో వడపోసి పోస్తే క్యాండిల్ ప్రాణం నిలుస్తుంది. పటిక సరైన వాడకం ఇక్కడే.

కడిగేటప్పుడు ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. క్యాండిల్ గొట్టం రంధ్రాన్ని బొటనవేలితో మూసి పట్టుకుని, మెత్తటి కొత్త బ్రష్షుతో పైనుంచి కిందికి రుద్దుతూ, ధారగా పోసే శుభ్రమైన నీళ్ల కింద జిగట పొర పోయేదాకా కడగాలి. వేలు ఎందుకంటే, ఆ గొట్టం లోపలంతా వడపోసిన వైపు, కడిగిన మురికి అందులోకి పోతే ఫిల్టర్ పెట్టుకున్న ఫలితమే లేదు. స్టీలు పీచు, ఇసుక కాగితం వాడితే ఒక్కసారికే గోడ సన్నబడిపోతుంది. కార్బన్ లేని సాదా మట్టి క్యాండిల్‌ను అప్పుడప్పుడు పావుగంట నీళ్లలో మరిగించొచ్చు, దానంతటదే చల్లారాక తీయండి. కార్బన్ ఉన్నదాన్ని మరిగించకూడదు. పొట్లం మీద వేరేగా రాసి ఉంటే ఆ మాటే వినండి.

కింది పాత్రను అందరూ మర్చిపోతారు. మంచినీళ్లే కదా ఉండేది అనుకుంటారు. అసలు జిగట పట్టేది అక్కడా, కొళాయి లోపలా. వారానికోసారి ఖాళీ చేసి తోమి, కొళాయి విప్పి సన్న బ్రష్షు పెట్టండి. కార్బన్ క్యాండిల్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి కిందికి దిగిన నీళ్లకు కాపలా ఉండదు, ఒక రోజు దాటి నిల్వ పెట్టకండి. కొళాయి సన్నగా వస్తోందని మూత తీసి చెంబు ముంచే అలవాటు ఇంట్లో ఎవరికున్నా, పెద్దవాళ్లైనా సరే, మాన్పించండి.

వైరస్‌లను మామూలు క్యాండిల్ ఆపలేదు. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైనా, పైపు పగిలి మోరీ నీళ్లు కలిశాయని తెలిసినా, ఇంట్లో పసిపిల్ల ఉన్నా, ఫిల్టర్ నుంచి పట్టిన నీళ్లను తెర్ల కాగనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చి తాగండి. వేడినీళ్లను తెచ్చి ఫిల్టర్‌లో పోయకండి, క్యాండిల్ చీలుతుంది, వాషరు వదులవుతుంది.

మార్చేది ఎప్పుడంటే, సాదా క్యాండిల్ పగిలినా, కడిగి కడిగి సన్నబడినా, కడిగిన మర్నాడే మళ్లీ ధార తగ్గినా మార్చాలి. కార్బన్ ఉన్నదాన్ని బాగానే ఉన్నట్టు కనిపించినా పొట్లం మీద రాసిన గడువుకు మార్చాలి, సాధారణంగా ఆరు నెలలు. బిగించిన తేదీ పాత్ర వెనక మార్కర్‌తో రాసుకుంటే గొడవ ఉండదు. క్యాండిల్‌తో పాటు వాషర్లూ కొత్తవి వేయండి, వాటి ఖరీదెంతని.

పండక్కో, పెళ్లికో నాలుగైదు రోజులు ఊరెళ్తుంటే ఫిల్టర్‌లో నీళ్లు వదిలి పోవద్దు. రెండు పాత్రలూ ఒంపేసి, క్యాండిళ్లు విప్పి కడిగి, నీడలో పూర్తిగా ఆరాక శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టండి. తిరిగొచ్చాక మళ్లీ నానబెట్టి బిగించి, మొదటి విడత నీళ్లు పారబోసి వాడుకోవచ్చు.