హాలు రద్దని ఫోనొస్తే: ఒక రాజకీయ వంత చెప్పే జాగ్రత్తలు

బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. నేను ఇరవై ఏళ్ళుగా రాజకీయ వంతని. పగలు కావలిలో బట్టలు కుడతాను, కార్యక్రమం ఉన్న రోజు సాయంత్రం గుమ్మెట తగిలించుకుని లోకం మీద చెణుకులు విసురుతాను. నన్ను రాజకీయం మాట్లాడొద్దంటే ఇక స్టేజీ మీద నాకు మిగిలేది తందాన తాన ఒక్కటే.

మూడేళ్ళ కిందట జిల్లాలోనే ఒక ఊళ్ళో (పేరు వద్దులెండి) ప్రభుత్వ హాలు బుక్ చేసుకున్నాం. బడి పక్కనే తెరిచిన మందు షాపు, ఎన్నికలప్పుడే కంకర పడే రోడ్డు, ఇవీ మా కథలో సంగతులు. ముందు రోజు సాయంత్రం నాలుగు దాటాక ఫోన్. "రేపు కుదరదండీ, హాల్లో కరెంటు పనుంది." సరే సార్ అని పెట్టేశాను. నేను చేసిన తప్పు అదే. తర్వాత వాచ్‌మన్‌కి చేస్తే, "కరెంటు పనా? యాడ సామీ! ఇందాకే ఫ్యాన్లన్నీ ఏసి చూశా, గిర్రున తిరగతా ఉండాయి" అన్నాడు.

ఇలాంటి రద్దులు ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే పోతాయి. అందుకని వాళ్ళ చేత రాయించాలి. వాళ్ళు రాయకపోతే మనం రాసి పంపాలి. మిగతాదంతా దీని తర్వాతే.

బుకింగ్ రోజునే మొదలుపెట్టండి. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళి, మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "ఎందుకండీ, మేం చూసుకుంటాంగా" అంటారు. నవ్వుతూనే వేయించుకోండి. డబ్బు కట్టిన రసీదుతో పాటు హాలు అద్దె షరతుల కాగితం కూడా అడగండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. రాజకీయ కార్యక్రమాలకు ఇవ్వం అనే షరతు అందులో ఉంటే అది అన్ని పార్టీలకీ వర్తించాలి. పోయిన నెల అదే హాల్లో అధికార పార్టీ సన్మానం జరిగి ఉంటే ఆ బ్యానర్ ఫొటో ఒకటి సంపాదించి పెట్టుకోండి. హాలు ఇవ్వడంలో మనిషికో రూలు పెట్టకూడదు, రాజ్యాంగం 14వ అధికరణం చెప్పేది అదే.

స్క్రిప్టు ఇవ్వమంటే కథ సారాంశం ఐదు లైన్లలో రాసివ్వండి. మొత్తం కావాలంటే ఏ రూలు ప్రకారమో రాసివ్వమనండి. నా అనుభవంలో అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. బుర్రకథకి పూర్తి స్క్రిప్టు ఎక్కడిది, సగం జనాన్ని చూసి అల్లేదే కదా!

పోలీస్ స్టేషన్‌కి కూడా వారం ముందే లెటర్ ఇవ్వండి. కార్యక్రమం జరుగుతుందని తెలియజేస్తూ, ఎవరైనా గొడవ చేస్తే బందోబస్తు కావాలని కోరండి. రేపు "శాంతిభద్రతల సమస్య" అన్నారనుకోండి, రక్షణ అడిగిన లెటర్ మన చేతిలో ఉంటుంది. స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీ సంగతి చూడండి. 2021 నవంబర్‌లో బెంగళూరులో శాంతిభద్రతల పేరుతో పోలీసులు అతని షో ఆపించారు. 2022 ఆగస్టులో బెదిరింపుల మధ్యే హైదరాబాద్ శిల్పకళా వేదికలో పోలీసులు దగ్గరుండి జరిపించారు. మనిషి అతనే, మారింది పోలీసుల ఉద్దేశం.

ఇక ఫోనొచ్చిందనుకోండి. వాదన వద్దు, అవతలి మనిషి పేరు, హోదా, కారణం అడగండి. పెట్టేసిన ఐదు నిమిషాల్లో అదే నంబరుకి వాట్సాప్ చెయ్యండి. నేనిప్పుడు ఫోన్లో దాచుకున్న నమూనా ఇది:

"అయ్యా, ఈరోజు సాయంత్రం 4:10కి మీరు ఫోన్ చేసి, ఫలానా తేదీన మాకు కేటాయించిన హాలును కరెంటు పనుల కారణంగా రద్దు చేసినట్టు చెప్పారు. మేము కార్యక్రమం విరమించుకోలేదు. రద్దు ఉత్తర్వును కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వగలరు."

రెండో వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఎందుకో చివర్లో చెబుతాను. అదే కాగితం మీద ప్రింటు తీసి మర్నాడు ఆఫీసులో ఇచ్చి, మళ్ళీ స్టాంపు.

కాగితానికి వాళ్ళెందుకు జంకుతారో మన దగ్గరే సాక్ష్యముంది. 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో తొక్కిసలాటలో 8 మంది పోయారు. ఆ తర్వాత 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో 1 తెచ్చింది. అది రాతలో ఉంది కాబట్టే హైకోర్టుకి వెళ్ళగలిగారు, మే నెలలో కోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో చింతామణి నాటకాన్ని నిషేధించినప్పుడూ అంతే, కోర్టుకెళ్ళిన వాళ్ళకి చూపించడానికి ఒక ఉత్తర్వుంది. "కరెంటు పనుంది" అన్న ఫోన్ని ఏ జడ్జి ముందు పెడతాం?

కారణం రాసిచ్చారా, దాన్ని రాజ్యాంగం 19(2) అధికరణంతో పోల్చండి. మాటకి హద్దులు అక్కడున్నవే: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి రెచ్చగొట్టడం. ఎమ్మెల్యేగారికి కోపమొస్తుంది అన్నది ఆ జాబితాలో లేదు. గొడవ చేస్తామని ఎవరో బెదిరించినంత మాత్రాన మాటను ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లో రంగరాజన్ కేసులోనే చెప్పింది. 2019లో పశ్చిమ బెంగాల్‌లో ఒక సినిమాని పైకి ఉత్తర్వేమీ లేకుండా హాళ్ళలోంచి తీయించినందుకు ఆ ప్రభుత్వం చేత 20 లక్షల పరిహారం కట్టించింది. రెండూ సినిమా కేసులే గానీ మన లెటర్లో రాస్తే అవతలివాళ్ళు ఒకసారి ఆగి చదువుతారు.

అలాగని ప్రతి రద్దూ కుట్ర కాదు. ఎన్నికల కోడ్ రావచ్చు, పైకప్పు నిజంగానే కారొచ్చు. కందుకూరు తర్వాత ఎంతమంది వస్తారని అడిగితే నేను విసుక్కోను. ఉన్న కుర్చీల లెక్కే చెబుతాను.

"గవర్నమెంటు హాల్లో గవర్నమెంటునే తిడతారా" అని ఒక ఆఫీసరు నన్నడిగారు. మా జిల్లాలో ఆ ప్రశ్నకి జవాబు పాతదే. 90ల మొదట్లో చదువు నేర్పడానికి ఆడవాళ్ళకి రాత్రి బళ్ళు పెట్టింది ప్రభుత్వమే. ఆ బళ్ళో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళే సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయింది. సారా ఆదాయం ఎవరిదో ఆ ఆఫీసరుకి నేను చెప్పాలా?

ఇంకోటి. మనకి గిట్టని పార్టీ పాటగాడికి హాలు రద్దయితే లోపల కాస్త హాయిగా ఉంటుంది, అబద్ధం ఎందుకు! అయినా ఆ రద్దు వద్దనే లెటర్ మీద మీరూ సంతకం పెట్టండి. ప్రభుత్వం మారితే అదే గుమాస్తా అదే ఫోన్ మనకి చేస్తాడు.

టైముంటే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. అత్యవసరమైతే అదే రోజు వినమని లంచ్ మోషన్ అడుగుతారు, స్టాంపు పడిన కాగితాలు సిద్ధంగా ఉంటేనే లాయరు కదలగలడు. మా కథకురాలి లాగా మహిళలైనా, ఎస్సీ ఎస్టీలైనా ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవా సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది. ఆ రోజుకి మాత్రం వేరే చోటు చూసుకోవాల్సిందే. మేం ఒక రైసు మిల్లు కళ్ళంలో, ధాన్యం పక్కకి నెట్టి, ట్రాక్టరు లైట్ల వెలుగులో చెప్పాం. హాల్లోకంటే జనం ఎక్కువే వచ్చారు గానీ దాంతో సరిపెట్టుకోకండి.

తర్వాత పది రూపాయలు మించని ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. ఆ తేదీ బుకింగ్ రిజిస్టరు పేజీ, రద్దు ఫైలు నోట్, కరెంటు పని బిల్లు, ఈ మూడింటికీ నకళ్ళు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు.

మాకు జవాబు ఇరవై తొమ్మిదో రోజున వచ్చింది. కరెంటు బిల్లు "లభ్యం కాలేదు". రిజిస్టరు పేజీలో మా దళం పేరుకి ఎదురుగా ఎర్ర ఇంకుతో రాసుంది: "పార్టీ వారే రద్దు చేసుకున్నారు." పార్టీ అంటే ఇక్కడ హాలు బుక్ చేసుకున్న మేమే. ఆ రెండో వాక్యం వదలొద్దన్నది ఇందుకే.

మొన్న మళ్ళీ దరఖాస్తు ఇవ్వడానికి వెళ్ళాను. నన్ను చూడగానే గుమాస్తా "కూర్చో వంతా" అని, నేనడక్కముందే సొరుగులోంచి స్టాంపు బయటికి తీశాడు.