తక్కువ గుడ్డతో అతుకుల బొంత కుట్టడం ఎలా?

బొంతకు ఎంత గుడ్డ పట్టిందని అడిగితే, కుట్టినవారు ముక్కలు అతికిన పైపొర లెక్కే చెబుతారు. అడుగు పొర, అంటే వెనుక వైపు గుడ్డ, గుర్తుకు రాదు. కుట్టుల్లోకి మడతపడిపోయిన గుడ్డ సంగతి అసలే గుర్తుకు రాదు. గుడ్డ చవకగా దొరికినన్నాళ్లూ ఈ మతిమరుపు వల్ల పెద్ద నష్టం లేకపోయింది. ఇప్పుడు ఉంది.

ధర మన చేతిలో లేదు. 2010లో పాకిస్థాన్ వరదలు, ఎగుమతులపై భారత్ విధించిన పరిమితులు, చైనా మిల్లుల గిరాకీ కలిసి వచ్చి, 2011 మార్చి నాటికి ప్రపంచ మార్కెట్‌లో పత్తి ధర ఏడాదిలోనే రెట్టింపు దాటింది. తర్వాత పత్తి దిగివచ్చింది కానీ, గుడ్డ ధర పత్తి ఒక్కదానితో తేలేది కాదు. వడకడం, నేయడం, రంగు, అచ్చు, ఓడ కిరాయి, దుకాణం అద్దె అన్నీ అందులో ఉంటాయి. కాబట్టి ధర గురించి వాపోవడం ఆపి, కొలబద్ద తీసుకుందాం.

1. కొనే ముందు కాగితం మీద కుట్టండి

బొంత గుడ్డలు సాధారణంగా 44 అంగుళాల పన్నాతో, అంటే వెడల్పుతో, వస్తాయి. రెండు వైపులా గట్టి అంచు తీసేసి, ఉతికితే కుదించుకుపోయేది పోగా 42 అంగుళాలే లెక్కలోకి తీసుకోండి. 60 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు ఉన్న బొంత కుడుతున్నామనుకుందాం. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ దానికే.

2. ముక్క సైజు పెంచండి

ఇక్కడ గుడ్డ బాగా మిగులుతుంది. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. పైకి రెండంగుళాలు కనిపించాలంటే రెండున్నర అంగుళాల చదరం కత్తిరించాలి. ఆ చదరంలో 36 శాతం కంటికి కనిపించకుండా లోపలికి పోయినట్టే. పైకి పది అంగుళాలు కనిపించే ముక్కను పదిన్నరకు కత్తిరిస్తే పోయేది 9 శాతం.

మన బొంతకు రెండంగుళాల ముక్కలు 900 కావాలి. 42 అంగుళాల పన్నాలో అడ్డుగా 16 ముక్కలు వస్తాయి కాబట్టి 57 పట్టీలు తీయాలి. అంటే 3.6 మీటర్లకు పైనే. అదే పది అంగుళాల ముక్కలైతే 36 చాలు. తొమ్మిది పట్టీలు, 2.4 మీటర్లు. ఒకే సైజు బొంతకు మీటరుకు పైగా తేడా! దారం, మిషన్ ముందు కూర్చునే సమయం కూడా ఆ మేరకు తగ్గుతాయి.

నా మొదటి పెద్ద బొంతకు ఈ లెక్క నాకు తెలియదు. చిన్న ముక్కలు ముద్దొచ్చాయి, అవే కత్తిరించుకుంటూ పోయాను. ముప్పావు వంతు అయ్యేసరికి నీలం గుడ్డ అయిపోయింది. మళ్లీ ఎంత వెతికినా ఆ డిజైను దొరకలేదు. అచ్చు గుడ్డలను ఒక విడత అమ్ముడుపోయాక చాలావరకు మళ్లీ వేయరు. ఆ బొంతలో ఒక మూల ఇప్పటికీ మరో నీలం ఉంది. మొహమాటం లేనివారు అదేమిటని అడుగుతూనే ఉంటారు.

చిన్న ముక్కల అందం వదులుకోలేకపోతే మధ్య భాగానికే వాటిని వాడండి. చుట్టూ పెద్ద ముక్కలు, వెడల్పాటి పట్టీలు వేయండి. చూపు ఎలాగూ మధ్యకే పోతుంది.

3. అడుగు పొరను అతికి తయారుచేయండి

అడుగు పొర పైపొర కంటే ప్రతి వైపూ రెండంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 64 అంగుళాల చదరం. 42 అంగుళాల పన్నాలో అది రాదు కాబట్టి 64 అంగుళాల నిడివి ముక్కలు రెండు కొని పక్కపక్కన కలుపుతారు. దాదాపు 3.25 మీటర్లు. గమనించారా, పది అంగుళాల ముక్కలతో కుట్టిన పైపొర కంటే ఎవరూ చూడని అడుగు పొరకే ఎక్కువ గుడ్డ!

ఒకే నిడివి కొనండి. దాన్ని నిలువుగా రెండుగా చీల్చి, మధ్యలో మిగులు ముక్కలతో అతికిన 23 అంగుళాల వెడల్పు పట్టీ పెట్టండి. మీటరున్నరకు పైగా మిగులుతుంది. పట్టీ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు ఉండేలా చీల్చుకోండి. అప్పుడు పైపొర, అడుగు పొర ఖచ్చితంగా కలవకపోయినా తెలియదు.

అడుగు పొరల కోసమే 108 అంగుళాల పన్నాతో కూడా గుడ్డ వస్తుంది. మీటరు ధర చూసి బెదరకండి. ధరను పన్నాతో భాగించి, వచ్చిన అంకెను మామూలు గుడ్డకు అలాగే వచ్చిన అంకెతో పోల్చండి. పాత దుప్పటి కూడా పనికొస్తుంది. అయితే బాగా దట్టంగా నేసిన దుప్పట్లలో చేతి సూది దిగదు. చేత్తో కుట్టేవారు ముందు ఒక మూలలో పది కుట్లు వేసి చూసుకోవాలి.

4. పాత బట్టలను పరీక్షించి వాడండి

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి మహిళలు పొలం పనుల్లో అరిగిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టారు. చలికి కప్పుకోవడానికి కుట్టిన ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ లలిత కళల మ్యూజియంలో ప్రదర్శించారు. వాటిలో చాలా వాటికి పెద్ద పెద్ద పట్టీలే వాడారు. పాత బట్టల్లోని గట్టి భాగాలను పెద్ద ముక్కలుగానే తీయడం మనకూ మంచిది.

చొక్కాలో మొదట వీపు భాగం తీసుకోండి, అదే పెద్ద ముక్క. ప్రతి భాగాన్నీ వెలుతురుకు ఎత్తి పట్టండి. పలచగా కనిపించిన చోటు వదిలేయండి. తర్వాత పడుగు (నిలువు పోగులు) వెంట ఒకసారి, పేక (అడ్డ పోగులు) వెంట ఒకసారి రెండు చేతులతో గట్టిగా లాగండి. చిరిగేదేదో ఇప్పుడే చిరగనివ్వండి.

నూలో కాదో అనుమానం ఉంటే చిన్న పీలికను పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద అంటించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ముదురు రంగు గుడ్డ మీద తడి తెల్లగుడ్డ అద్ది ఇస్త్రీ చేయండి. రంగు అంటితే దాన్ని వేరుగా, రంగు దిగడం ఆగేవరకు ఉతకాలి.

సాగే బనియన్ గుడ్డ జోలికి మొదట్లో వెళ్లకండి. సాగకుండా వెనుక అస్తరు అతికించాలి, మిగిలిన డబ్బు దానికే పోతుంది.

5. కొనక తప్పనిది తెలిసి కొనండి

ముందే కత్తిరించి అమ్మే చదరాల ప్యాకెట్లు చూడముచ్చటగా ఉంటాయి. అయిదంగుళాల చదరాలు 42 ఉన్న ప్యాకెట్‌లో గుడ్డ ఎంత? 1,050 చదరపు అంగుళాలు. మీటరులో మూడింట రెండు వంతులు కూడా కాదు. రకరకాల డిజైన్లు కావాలంటే సరే, గుడ్డ కోసమైతే దండగ.

ప్లెయిన్ గుడ్డకు డిజైను ఖర్చు ఉండదు. బొంతలో సగం ప్లెయిన్, సగం అచ్చు గుడ్డ వాడితే అచ్చు డిజైన్లూ ఇంకాస్త నిండుగా కనిపిస్తాయి. కట్ పీసులు తీసుకునేటప్పుడు గోటితో గట్టిగా గీకండి. పోగులు పక్కకు జరిగి సందులు పడితే పావు అంగుళం కుట్టు దాని మీద నిలవదు, ఎంత చవకైనా వదిలేయండి. దారం దగ్గర మాత్రం పొదుపు వద్దు. పాత రీలు దారాన్ని లాగగానే పుటుక్కున తెగితే, దాంతో కుట్టిన బొంత కూడా అంతే.

నలుగురు కలిసి కుట్టేవారైతే ఒక్కొక్కరు ఒక్కో రంగు కొని పట్టీలు పంచుకోవచ్చు. పట్టీ వెడల్పు ముందే గట్టిగా అనుకోండి, లేకపోతే పంచుకున్నదానికంటే సరిచేసుకోవడమే ఎక్కువవుతుంది.

6. అంచు, మిగులు

అడుగు పొరనే పైకి మడిచి అంచుగా కుడితే విడి అంచుపట్టీ అవసరం ఉండదు. గోడకు వేలాడదీసే వాటికి ఇది బాగుంటుంది. రోజూ కప్పుకునే బొంతకు నేను ఒప్పుకోను. ముందు అరిగేది అంచే, విడి పట్టీ అయితే విప్పి కొత్తది వేసుకోవచ్చు.

పైపొరకూ అడుగు పొరకూ మధ్య వేసే దూది పొరలో మిగిలిన తునకలనూ పారేయకండి. అంచులను నిటారుగా కత్తిరించి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఆనించి, పెద్ద జిగ్‌జాగ్ కుట్టుతో కలపండి. ఎక్కితే ఆ గీత వెంట గట్టు తేలి, బొంత కప్పుకున్నవారికి చేతికి తగులుతుంది. అంగుళంన్నర కంటే వెడల్పున్న గుడ్డ పీలికలను ఒక సంచిలో వేసి ఉంచండి, తర్వాతి బొంత అడుగు పొరకు 23 అంగుళాల పట్టీ అందులోంచే రావాలి.