వాసన పట్టే మెషీన్‌తో డ్రగ్స్ వెతకడం ఎలా

మెషీన్ చేతికి రాగానే బ్యాగ్ చుట్టూ గబగబా తిప్పేయకండి, ఏమీ దొరకదు. పొడి కొకైన్ మామూలు వేడిలో గాలిలోకి దాదాపు ఆవిరవదు. మరి పోలీసు కుక్క ఎలా పడుతుందంటారా? తేమ తగిలి కొకైన్ కొద్దికొద్దిగా విడిపోతూ మిథైల్ బెంజోయేట్ అనే వాసన రసాయనాన్ని వదులుతుంది, కుక్క ముక్కుకి ఎక్కువగా అందేది అదే. హెరాయిన్‌ దగ్గర వెనిగర్‌లో ఉండే అసిటిక్ యాసిడ్, ఎక్స్‌టసీ మాత్రల దగ్గర పైపెరోనాల్ అనే మరో వాసన రసాయనం. గంజాయి సంగతి వేరు, మొక్కకి వాసనిచ్చే టర్పీన్ల ఘాటుకి చాలాసార్లు మన ముక్కే చాలు.

అందుకే ముందు ఆవిరిని పోగవనివ్వాలి. డిక్కీ గానీ సూట్‌కేస్ గానీ బార్లా తెరిచి, పైన ఫ్యాన్ తిరుగుతుండగా వెతికితే ఉన్న కాస్త వాసనా చెదిరిపోతుంది. మూసి ఉంచి కాసేపు ఆగండి, వెచ్చటి చోటైతే ఇంకా మంచిది, తర్వాత జిప్పు ఒక మూల వేలెడంత తెరిచి ఆ సందులోంచే గాలి లాగండి.

ఆవిరి అందకపోతే స్వాబ్ ఉంది, అంటే తుడిచే చిన్న గుడ్డముక్క. జిప్పు పట్టుకునే చోటు, హ్యాండిల్ అడుగు, తాళం చుట్టూ గట్టిగా ఒత్తి తుడవండి, కంటికి కనపడని రేణువులు అక్కడే అంటుకుంటాయి. అయాన్ మొబిలిటీ మెషీన్‌లో పెడితే వేడికి ఆ రేణువులు ఆవిరై, అణువులు అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా మారి, కరెంటు లాగుతుంటే ఒక గొట్టంలో పరుగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఆ పరుగంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది, చేరిన టైమ్‌ని బట్టి పేరు చెబుతుంది.

ఇక్కడే అందరూ జారిపడతారు: ప్రతి శాంపిల్‌కి ముందు ఏమీ తుడవని ఖాళీ స్వాబ్ పెట్టి, పాత రేణువులేవీ మిగల్లేదని చూసుకోవాలి. నాకోసారి వరసగా మూడు బ్యాగులకి అలారం మోగితే పెద్ద ముఠానే దొరికిందని టెన్షన్ పడిపోయాను, తీరా చూస్తే మొదటి బ్యాగ్‌ని పట్టుకున్న గ్లవ్స్‌తోనే మిగతా రెండూ తుడిచాను! బ్యాగుకో జత గ్లవ్స్, బ్యాగుకో స్వాబ్, పిసినారితనం వద్దు.

అలారం మోగినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. మిథైల్ బెంజోయేట్, పైపెరోనాల్ రెండూ సెంట్లలో కూడా వాడతారు, కాబట్టి పగిలిన సెంటు సీసా కూడా మిమ్మల్ని పరుగులు పెట్టించగలదు. కొత్త స్వాబ్‌తో మళ్లీ చేయండి. మళ్లీ మోగితే శాంపిల్ సీల్ చేసి ల్యాబ్‌కి పంపండి, అక్కడ గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పరీక్షలతో అసలు పదార్థమేంటో తేలుస్తారు. ఈలోగా పొడి కనిపిస్తే దాన్ని ముక్కు దగ్గర మాత్రం పెట్టుకోకండి.