పూల్‌కి కనెక్షన్ తిరిగిచ్చే ముందు బఫర్‌ని ఫ్లష్ చేయడం ఎలా?

పూల్ అంటే తెరిచి ఉంచిన కనెక్షన్లను మళ్లీ మళ్లీ వాడుకునే చోటు. అక్కడి కనెక్షన్‌పై రైట్ కాల్ (డేటా రాసే పిలుపు) ఎర్రర్ లేకుండా ముగిసిందంటే డేటా సర్వర్‌కి చేరిపోయిందని కాదు. చాలా క్లయింట్లు, అంటే సర్వర్‌తో మాట్లాడే లైబ్రరీలు, కమాండ్లను ముందు మెమరీలోని బఫర్‌లో పోగేస్తాయి. ఉదాహరణకు గో భాషలో బఫర్డ్ రైటర్ డిఫాల్ట్ సైజు 4096 బైట్లు. అది నిండాలి, లేదా మనం ఫ్లష్ చేయాలి, అంటే పోగైనదాన్ని వెంటనే పంపేయాలి. అప్పటిదాకా ఏదీ బయటికి కదలదు.

ముందుగా, కనెక్షన్ తీసుకున్న వెంటనే దాన్ని తిరిగిచ్చే లైన్ రాసేయండి. గోలో అయితే డిఫర్, జావాలో అయితే ఫైనల్లీ; మధ్యలో ఎర్రర్ వచ్చినా చివర్లో నడిచే కోడ్ ఇది. ఫ్లష్‌ని మాత్రం అందులో పెట్టకండి. అక్కడ వచ్చే ఎర్రర్‌ని ఎవరూ పట్టించుకోరు. మామూలు కోడ్‌లోనే ఫ్లష్ చేసి, ఎర్రర్ వచ్చిందేమో చూడండి.

తర్వాత జవాబులు చదవాలి. అసలు తంటా అంతా ఇక్కడే. మెమరీలో డేటా ఉంచే రెడిస్ డేటాబేస్‌నే తీసుకోండి: జవాబులు కమాండ్లు పంపిన వరుసలోనే వస్తాయి, ఏ జవాబు దేనిదో చెప్పే నంబరేమీ ఉండదు. మీరు కౌంటర్ పెంచే కమాండ్ పంపి, జవాబు చదవకుండా వెళ్లిపోయారనుకోండి. అదే కనెక్షన్‌పై ఇంకొకరు యూజర్ పేరు అడిగితే, మీ కౌంటర్ జవాబు 42 అని వస్తుంది! 2023 మార్చిలో చాట్‌జీపీటీలో కొందరికి వేరేవాళ్ల చాట్ టైటిల్స్ కనిపించింది ఇలాంటి లోపం వల్లే. రిక్వెస్ట్ మధ్యలో రద్దయింది, జవాబు చదవని కనెక్షన్ పూల్‌లోకి వెళ్లింది. కాబట్టి మూడు కమాండ్లు పంపితే మూడు జవాబులూ చదవండి. గోలో వాడే రెడిస్ క్లయింట్ రెడిగోలో డూ ఫంక్షన్‌కి ఖాళీ కమాండ్ ఇస్తే ఫ్లష్ చేసి, మిగిలిన జవాబులన్నీ చదివేస్తుంది. రెడిగో పూల్ కూడా కనెక్షన్ వెనక్కి తీసుకునేటప్పుడు ఈ పని చేస్తుంది గానీ, ఆ జవాబులు మీ చేతికి రావు.

ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే ఫ్లష్ వేరు, కమిట్ (మార్పుల్ని ఖాయం చేయడం) వేరు. ఆటోకమిట్ (ప్రతి కమాండ్ దానంతటదే కమిట్ అవడం) ఆపి, కమిట్ మరిచి కనెక్షన్ ఇచ్చేస్తే, జావాలో వాడే హికారీ పూల్ మీ మార్పుల్ని రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే రద్దు చేస్తుంది. జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీలో యాడ్‌బ్యాచ్‌తో చేర్చిన వరసలకి (రోలకి) ఎగ్జిక్యూట్‌బ్యాచ్ పిలవకపోతే అవి డేటాబేస్‌లోకి ఎక్కవు.

ఫ్లష్‌లోనో, జవాబు చదివేటప్పుడో టైమౌట్ వస్తే ఆ కనెక్షన్‌ని బాగుచేయాలని చూడకండి, మూసేయండి. దానికంటే కొత్తది తెరవడమే మేలు.

చివరగా టెస్ట్. పూల్ సైజు 1 పెట్టి, ఒక రైట్ చేసి కనెక్షన్ ఇచ్చేయండి. పూల్‌తో సంబంధం లేని ఇంకో కనెక్షన్‌తో ఆ డేటా చదవండి. అదే పూల్ నుంచి చదివితే, అప్పటిదాకా ఆగిపోయిన రైట్ ఆ చదివే కమాండ్‌తో పాటే వెళ్లిపోవచ్చు, తప్పు దొరకదు.